మట్టము చెప్పు మాట

ఫ్రీమేసనుల సంఘమనగానే పెక్కుమందికి మూసిన తలుపులును, రహస్య సంకేతములును జ్ఞప్తికి వచ్చును. మాకు వారి రహస్యములతో బనిలేదు. వారు దాచక చూపు పనిముట్లే మా విచారమునకు జాలును.

అవి రాతిపనివాని పనిముట్లు. మూలమట్టము నడవడియందలి ఋజుత్వమునకు గుర్తు. వృత్తలేఖిని కోరికలకు హద్దు గీయుటకు గుర్తు. లాడ్జిలో రెండు రాళ్లుండును. ఒకటి గనినుండి తెచ్చిన మొరటురాయి. రెండవది చెక్కి నునుపుచేసినది. శిక్షణకు ముందును, పిదపను మనుష్యుడెట్టివాడో యవి తెలుపును. అన్నింటిలో మాకు మిక్కిలి నచ్చినది మట్టము. ప్రభువైనను, కూలివాడైనను లాడ్జిలో సమానుడే యని దాని యర్థము.

అట్లయ్యును, 1723లో లండనున నచ్చైన జేమ్స్ ఆండర్సను నిబంధన గ్రంథము దాసులకును, స్త్రీలకును ప్రవేశము లేదని శాసించినది. మట్టము చేత నుండగనే గోడ వంకరగా లేచినది.

1775లో బోస్టనున ప్రిన్స్ హాల్ అను నల్లజాతీయుడు, తనవారు పదునలుగురితో గూడ, సైనికుల లాడ్జియొకదానిలో దీక్షగొనెను. 1777లో దాస్యమును మాన్పుడని మెసాచుసెట్సు శాసనసభకు విన్నవించినవారిలో నాయన యొకడు. 1784లో లండను ప్రధాన లాడ్జి వారికి అధికారపత్రము మంజూరు చేసెను. అయినను అమెరికాలోని తెల్లవారి ప్రధాన లాడ్జీలు ఆ పరంపరవారిని తరతరములుగా సోదరులుగా నంగీకరింపలేదు. కనెక్టికట్టులో నిరుపక్షములును ఒండొరులను గుర్తించుకొన్నది 1989లో! ఫ్రాన్సులో మరియా దెరెం అను విదుషి 1882లో దీక్షగొని, 1893లో నితరులతో గలసి స్త్రీపురుషులకు సమానమైన లాడ్జిని నెలకొల్పెను.

వీరు మట్టమును బారవేయలేదు. దానినే చేతబట్టి, ఆ గోడకే యానించి, వంకర యెక్కడనో చూపిరి.

ఇట్టి మట్టములు మనకును గలవు. సర్వభూతములందును ఒకే యాత్మ కలదని పిల్లలకు వల్లె వేయింతుము. అదే యింట పనిచేయు నామెకు వేరు గ్లాసు గూటిలో నుండును. శ్లోకమును మఱింత శ్రావ్యముగా జదివినంతమాత్రమున ఆ గ్లాసు గూడు విడువదు. తాపీపనివాడు గోడ ముగిసినదాక ఆగడు. ప్రతి వరుసకును మట్టము పెట్టి చూచుకొనును. మనమును సాయంకాలము ఆమెకు కాఫీ యిచ్చునపుడు ఒకసారి పెట్టి చూతము.