గమనాగమనాల లెక్క

దేశకాలాలను ఉచ్చరించనిదే అర్చకుని కార్యం ఆరంభం కాదు. అమెరికాలోని ఆలయానికి వచ్చిన నాటి నుండి, జంబూద్వీపం అనవలసిన చోట క్రౌంచద్వీపం అని సంకల్పం చెప్పుచున్నాను. ఎక్కడ నిలిచి చేయుచున్నామో ముందుగా నివేదించుకొనే వృత్తి నాది. అందువల్ల, మన రాకపోకలు ఇక్కడి ప్రభుత్వానికి ఏ మేరకు తెలియునన్న ప్రశ్న నాకు వింతగా తోచదు. గృహస్థులు మాత్రం భయంతో అడుగుదురు.

గ్రీన్‌కార్డు గల ఒక గృహస్థు అర్చనానంతరం అందరూ వెళ్ళువరకు వేచి యుండి అడిగినాడు: "శాస్త్రిగారూ, అమ్మగారి అనారోగ్యం వల్ల ఏడు నెలలు రాజమహేంద్రవరంలో ఉండిపోయాను. పాస్‌పోర్టులో ముద్రలు సరిగా లేవు. పౌరసత్వపు దరఖాస్తులో ఆ ప్రయాణం వ్రాయకపోతే వారికి తెలుస్తుందా?"

"నాయనా, ముద్ర లేనంత మాత్రాన లెక్క లేదనుకోవద్దు" అన్నాను.

విమానం బయలుదేరక పూర్వమే సంస్థవారు ప్రయాణికుల నామం, జన్మతేది, పాస్‌పోర్టు సంఖ్య సరిహద్దు శాఖకు పంపవలెను. ఈ నియమం రాకకే కాదు, పోకకూ వర్తించును. నిర్గమన ద్వారం వద్ద అధికారి కనిపించడు గనుక నమోదు కాలేదని మనవారి భ్రమ. భూమార్గాన కెనడాలో ప్రవేశించితే, ఆ ప్రవేశమే ఇక్కడి నిర్గమనంగా లిఖితమగును. ఉభయ దేశాలూ ఈ వివరాలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. మెక్సికో భూసరిహద్దున అటువంటి ఏర్పాటు లేదు.

ఈ లెక్క నిర్దుష్టమని నేననను. మన తెలుగువారి పేర్ల సంగతి తెలిసినదే: పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరై, అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' వచ్చి కూర్చొనును! ఒకే మనిషి రెండు రూపాలుగా నమోదైతే ఆశ్చర్యమేమి? తన రికార్డు చూడగోరువాడు అక్కడి సమాచార స్వేచ్ఛా చట్టం క్రింద అర్థించవచ్చును.

సాధారణ దరఖాస్తులో గడచిన 5 సంవత్సరాలలో 24 గంటలు మించిన ప్రయాణాలన్నీ చెప్పవలెను. అందులో 30 మాసాలైనా దేశంలో ఉండి యుండవలెను. ఆరు నెలలు దాటి ఏడాదిలోపు బయట ఉంటే నివాసం తెగినదని ఊహింతురు. అయితే అది ఖండింపదగిన ఊహ మాత్రమే: ఉద్యోగం, ఇల్లు, భార్యాబిడ్డలు ఇక్కడనే నిలిచినారని నిరూపించవచ్చు. ప్రమాణం చేసి అసత్యం పలికితే మాత్రం సత్ప్రవర్తనకే భంగం. దాచదలచిన ఏడు నెలలకన్న దాచుటయే ప్రమాదం.

ఒక సంగతి నన్ను కలచినది. ఏ తేదీన దాటినాడో ఆ లెక్క చెప్పును. ఎవరి మంచం ప్రక్కన కూర్చున్నాడో చెప్పదు. అది అతడే చెప్పవలెను. మాతృసేవను నేరంవలె దాచుట ఎందుకని అడిగితే అతడు చాలసేపు మాట్లాడలేదు.

న్యాయవాదిని సంప్రదించి, ఆసుపత్రి పత్రాలు, ఇంటి అద్దె రసీదులు జతచేసి, ఆ ఏడు నెలలూ వ్రాసినాడు. సంభాషణకు పిలుపు ఇంకను రాలేదు. శనివారాలు వచ్చుచున్నాడు, గోత్రనామాలతో పాటు తల్లిగారి పేరున కూడ అర్చన చేయించుచున్నాడు.