ఖాళీ ఖానాలు

మా అవ్వ చార్మినారు చుట్టు ముప్పై ఏండ్లు ఊడ్చింది. 1591ల కట్టిన ఆ నాలుగు మినార్ల ముందట నిలబడి ఫోటో దిగినోళ్లకు లెక్కలేదు. వాళ్లు నిలబడ్డది అవ్వ పొద్దుగాల ఊడ్చిపోయిన జాగల్నే. అవ్వ ఫోటో మాత్రం మా ఇంట్ల గోడ మీద ఒక్కటి లేకుండె.

నా బిడ్డ దోస్తు ఇంటికి పోయి గోడ మీద చెట్టు చూసొచ్చింది. కొమ్మ కొమ్మకు ఒక ఫోటో, కింద పేరు. "మనకెందుకు లేదమ్మా?" అనడిగింది. నేను సర్కారు బడి పంతులమ్మను. ఏటా పిల్లల పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు రిజిస్టర్ల రాస్త. మా ఇంటి పేర్లు రాద్దామని కూసుంటే తాత దాటినంక కలం నడువలేదు.

వంశం అనే మాటనే మా ఇంట్ల నేను ఇనలే. వంశాలు, ఫోటోలు కొలువులున్నోళ్లయి అనుకున్నం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాడ రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీసేటాయన. 1905ల ఆయన చనిపోయేనాటికే నవాబుల దర్బార్లు, వేటలు అన్నీ ఫోటోలకెక్కినయి. మా ఇంట్ల గోడకెక్కిన మొదటి ఫోటో అంబేద్కర్‌ది. మావోళ్లెవరిది ఎక్కకముందే ఆయనది ఎక్కింది.

అట్లని మాకు చెట్టు లేదనను. అది డక్కలోళ్ల నోట్ల ఉండె. మాదిగోళ్ల తాతముత్తాతల చరిత్ర, గోత్రాలు, జాంబ పురాణం చెప్పేది వాళ్లే. 2022ల పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఆ కులపాయనే. నాయిన చిన్నగున్నప్పుడు పాలమూరు దిక్కు మా ఊరికి డక్కలాయన వచ్చేదట. వాడల నిలబడి పేరు పేరున మా పెద్దోళ్లందర్ని చెప్పేదట. "మరి ఇంట్లకు పిలిచేటోళ్లా?" అంటే నాయిన తల కిందికేసిండు. మమ్ముల ఊరు దూరం పెట్టె, మేము వాళ్లను దూరం పెడితిమి. ఇగ కరువుకు తాత పట్నమొచ్చినంక మా గడప ఆ డక్కలాయనకు దొరకలేదు. మా చెట్టు అక్కడ్నే తెగింది.

పత్తర్‌గట్టి దాటి ఒక సందుల ఫోటో ఫ్రేముల దుకాణముంది. నాయిన్ను తోలుకపోయిన. చెక్కతోని కోసిన చెట్టు, పదిహేను ఖానాలు. ట్రంకుపెట్టె అంతా ఎతికితే అవ్వ బల్దియా నౌకరి కార్డు దొరికింది. తపాలా బిళ్లంత ఫోటో. చెంప మీద నీలం ముద్ర. దుకాణం పిలగాడు దాన్ని కంప్యూటర్ల పెద్దగ చేసి, "ముద్ర తీసెయ్యాల్నా మేడం?" అన్నడు.

"తియ్యి. మొఖం మాత్రం తెల్లగ చెయ్యకు" అన్న.

తాత ఖానా ఖాళీగుంది. "ఫికర్ నక్కో" అన్నడా పిలగాడు. నాయిన మొఖం చూసి తాత మొఖం కంప్యూటరే తయారు చేస్తదట. రెండు నిమిషాల్ల చేసి చూపెట్టిండు గూడ. తలకు రుమాలు, మెలితిప్పిన మీసం, భుజాన జరీ శాలువ. మొఖం మాత్రం జర నాయిన లెక్కనే ఉంది. నాకు ఒక్క గడియ ఆశయింది. అందరు చూస్తరు, నా బిడ్డ సంబురపడతది అనుకున్న.

నాయిన కండ్లద్దాలు తుడుసుకోని చూసిండు. "ఈన మా నాయిన కాదు బిడ్డా. మా నాయిన చెప్పులు కుట్టిచ్చేది ఇసొంటాయనకే. ఇచ్చి, దూరం జరిగి నిలబడేది" అన్నడు.

నాకు సిగ్గయింది. తుడిపేయమన్న.

తాతదని మాకు మిగిలింది చెప్పులు కుట్టే ఆరె ఒక్కటే. చెక్క పిడి, తాత బొటనవేలు ఆనినకాడ అరిగి గుంటబడ్డది. దాన్నే ఫోటో తీసి తాత ఖానాల పెట్టినం. ఆ పైన పేర్లు గూడ దొరకని ఖానాల్ని అట్లనే ఖాళీగ ఉంచినం. పూలబొమ్మలు పెడతమంటే వద్దన్న.

ఐతారం నాడు గోడకు కొట్టినం. నాయిన శానసేపు చూసి, "నా చెల్లె ఏది?" అన్నడు.

ఆయనకొక చెల్లె ఉండెనని నేను ఎన్నడు ఇనలే. పట్నమొచ్చిన ఏడాదే జరమొచ్చి పోయిందట. నాలుగేండ్ల పిల్ల. బడి మొఖం చూడలే, ఏ రిజిస్టర్ల పేరెక్కలే. అవ్వ ఆ పొద్దు పిల్లను మట్టి చేసి, మూడోనాడు మళ్ల చీపురు పట్టిందట. ఇన్నేండ్ల సంది ఆ పేరు నాయిన ఒక్కని కాడ్నే ఉంది.

నాయిన పక్కన ఒక ఖానా ఖాళీగనే ఉంది. ఆయన పేరు చెప్తుంటే నా బిడ్డ తెల్లకాగితం మీద రాసింది.

"జర పెద్దగ రాయి బిడ్డా" అన్నడు నాయిన. "దర్వాజ కాడికెల్లి గూడ కనబడాలె."