కదలకుండా ఇంత పని చేస్తుందా!

పుల్లపురుగు సంగతి ఇన్నేళ్లూ నాకెవరూ సరిగ్గా చెప్పలేదని అందరిమీదా కోపంగా ఉంది. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చూసింది ఒక బొమ్మ, దాని కింద ఒక ముక్క: పుల్లలా కనబడి శత్రువుల్ని తప్పించుకుంటుంది. అక్కడితో పాఠం అయిపోయింది. అసలు కథ అక్కడే మొదలవుతుందని ఒక్కరైనా చెప్పొద్దూ! పుల్లలా పుట్టేస్తే సరిపోదండీ. పొద్దస్తమానం పుల్లలా బతకాలి. అందుకు ఆ ప్రాణి చేసే పని చూస్తే మతిపోతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, ప్రస్తుతం నా పరిస్థితి అదే. దొరికినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. ఇవాళ మీరు దొరికారు.

మేముండేది ఇంగ్లండులో. ఇక్కడి చిన్నపిల్లల బళ్లలో పుల్లపురుగుల్ని పెంచడం మామూలే. సెలవులిస్తే ఆ డబ్బా ఎవరో ఒకరింటికి రావాలి, ఈసారి మా వంతు. “అమ్మా, ఇవి కూడా ఇండియా నుంచే వచ్చాయట” అంది మా అమ్మాయి. నిజమే! వీటి పేరే ఇండియన్ స్టిక్ ఇన్‌సెక్ట్, శాస్త్రనామం కరౌసియస్ మొరోసస్. సొంతూరు తమిళనాడులోని పళని కొండలు. కొడైకెనాల్ దగ్గర శెంబగనూరులో దొరికిన పురుగుల్ని చూసి 1901లో సినెటీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వీటికి పేరు పెట్టాడు. అక్కణ్ణుంచి యూరప్ ప్రయోగశాలలన్నీ చుట్టి, బడిపిల్లల చేతుల్లోకి వచ్చాయి. మేమొచ్చి ఇన్నేళ్లయినా గోంగూర కోసం ఊరంతా వెతుక్కుంటున్నాం. ఇవి మాత్రం ఇక్కడి బ్లాక్‌బెర్రీ ముళ్లకంప, ఐవీ తీగ, గులాబీ ఆకులు తింటూ హాయిగా సర్దుకుపోయాయి.

పగలు ఆ డబ్బాలోకి చూస్తే ఉన్నవన్నీ పుల్లలే. ఒక్కోటి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లుంటుంది, రెక్కలుండవు. ఒంటి రంగు పచ్చగానో, ఎండుపుల్లలా గోధుమగానో ఉంటుంది. ముందుకాళ్లు రెండూ తలమీదుగా ముందుకు చాచి, ఒకదానికొకటి ఆనించి, మీసాల్ని వాటి మధ్య దాచేస్తుంది. రెండు కాళ్లూ అలా దగ్గరికి చేరిస్తే మధ్యలో తల అడ్డం రావాలి కదా? భూతద్దం తెచ్చి చూస్తే అప్పుడు కనబడింది. తొడ మొదట్లో, సరిగ్గా తల పట్టేంత మేర, కాలు లోపలికి వంపు తిరిగి ఉంది! రెండు చెక్కలు అతకడానికి వడ్రంగి గాడి తీసినట్టు, తల కోసం కాళ్లలో చోటు వదిలిపెట్టింది ప్రకృతి. తల ఎక్కడ మొదలైందో, కాళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియని ఒకే ఒక్క సన్నటి పుల్ల తయారైపోతుంది.

ఇక కదలకపోవడం. దాన్ని నేను బద్ధకం అనుకున్నాను. జర్మనీ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఈ పురుగు కాళ్లను, కండరాలను, నరాలను పరిశీలిస్తూనే ఉన్నారు. పగటిపూట నిశ్చలంగా ఉన్న పురుగు కాలుని మెల్లగా వంచి వదిలేస్తే అది చటుక్కున వెనక్కి పోదు. కంటికి ఆనని నిదానంతో ఎప్పటికో పాత చోటికి చేరుతుంది. ఈ స్థితిని కేటలెప్సీ అంటారు. కీలు ఎంత వంగింది, ఎంత వేగంగా వంగింది అన్నది తొడలో ఉండే ఒక జ్ఞానాంగం ఎప్పటికప్పుడు నరాలకు చెబుతూ ఉంటుంది. దాన్నిబట్టి కండరాలు ఆ కాలుని అంత నిదానంగా నడిపిస్తాయి. పిట్ట కన్నయినా బల్లి కన్నయినా ముందుగా పట్టేది కదలికనే. గాలికి ఆకు తగిలి కాలు పక్కకు జరిగిందనుకోండి, వెంటనే సర్దుకుంటే ప్రాణం పోతుంది. కదలకుండా ఉండడానికి ఆ చిన్న ఒంట్లో ఇంత యంత్రాంగం పనిచేస్తోందన్నమాట!

మరి గాలి వీస్తే? చుట్టూ ఆకులూ కొమ్మలూ ఊగుతుంటే తనొక్కతే బిగుసుకుపోతే పట్టుబడదూ? అందుకే అదీ ఊగుతుంది. ఎక్స్‌టాటోసోమా అనే ఆస్ట్రేలియా పుల్లపురుగు మీద గాలి వదిలి వీడియో తీసి చూశారు. అది ఊగే తీరు చుట్టుపక్కల మొక్కలు ఊగే తీరుకి దగ్గరగా ఉందట. మా డబ్బాలో వాటిమీద నేనూ ఉఫ్‌మని ఊది చూశాను. ఒకటి కాళ్లమీద అటూ ఇటూ తూగింది. నేనింత అరుపు అరిచానట, పక్కగదిలోంచి మావారు పరిగెత్తుకొచ్చారు.

చీకటి పడితే గోధుమరంగు పురుగు ఒళ్లు ఇంకాస్త నల్లబడుతుంది. చర్మకణాల్లో రంగు రేణువులు చోటు మారడం వల్ల వచ్చే మార్పది, తెల్లారితే మళ్లీ మామూలే. అప్పుడు మొదలవుతుంది తిండి, నడక. ఆకు అంచుని ముందుకాళ్ల మధ్య ఇరికించుకుని, తల కిందికీ పైకీ ఆడిస్తూ కొరుక్కుంటూ పోతుంది. ఆ నడకలో కూడా ఒక వింత ఉంది. ఆరు కాళ్లనూ నడిపించే పెద్దరికం ఏ ఒక్కచోటా లేదు. ప్రతి కాలికీ సొంత నాడీ యంత్రాంగం ఉంది, పక్క కాలు ఏం చేస్తోందో తెలుసుకుంటూ తన అడుగు తను వేస్తుంది. బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఈ సూత్రాన్ని పట్టుకుని హెక్టర్ అనే ఆరుకాళ్ల రోబోనే తయారుచేశారు. బడిపిల్లలు పెంచుకునే పురుగు రోబోలకు నడక నేర్పిందంటే ఏమనాలి!

ఇక గుడ్ల దగ్గరికి రండి, నాకు నిద్ర పట్టనివ్వనివి అవే. ఈ తల్లి గూడు కట్టదు, గుడ్లను ఆకుకి అంటించదు. కొమ్మమీద ఉన్నచోటి నుంచే ఒక్కొక్కటి టప్పున కింద పడేస్తుంది. జీవితకాలంలో అలా వందల గుడ్లు పెడుతుంది. డబ్బా అడుగున ఒకదాన్ని వేలిమీదకు తీసుకుని చూస్తే అచ్చం విత్తనమే. ముదురు గోధుమరంగు, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, ఒక కొసన మూత, ఆ మూతమీద లేత పసుపు బొడిపె. అలాంటి బొడిపెలు కొన్ని మొక్కల విత్తనాలకూ ఉంటాయి, చీమలకు తాయిలంగా. చీమ విత్తనాన్ని పుట్టకు మోసుకెళ్లి, బొడిపె తినేసి, విత్తనాన్ని అక్కడే పడేస్తుంది. ఆ మొక్కల ఎత్తునే ఈ పురుగూ వేసింది! ఎన్నో జాతుల పుల్లపురుగుల గుడ్లను చీమలే నేలలోకి చేర్చి దాస్తున్నాయని ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. బొడిపె పోయినా లోపలి పిల్లకేం కాదు. నేలపైన తిరిగే పరాన్నజీవి కందిరీగల బారి నుంచి గుడ్డు తప్పించుకుంటుంది.

ఇందాకటి ఎక్స్‌టాటోసోమా ఇంకో మెట్టు పైకెళ్లింది. గుడ్డులోంచి వచ్చిన దాని పిల్ల పుల్లలానే ఉండదు. నల్లటి ఒళ్లు, నారింజరంగు తల, మెడ దగ్గర తెల్లటి పట్టీ, తోక మడిచి ఒకటే పరుగు. అక్కడి ఒకరకం చీమలు అలాగే ఉంటాయి మరి. చీమ వేషంలో చెట్టెక్కి, ఎదిగాక ఎండుటాకు వేషం కడుతుంది. ఎవరైనా జోలికొస్తే తోక పైకి మడిచి తేలు వేషం. విత్తనం, చీమ, ఎండుటాకు, తేలు! మన పగటివేషగాళ్లు చూస్తే దీన్ని మేళంలో చేర్చుకునేవారు.

మా డబ్బాలో ఉన్నవన్నీ ఆడవే. ఈ జాతిలో మగది కనబడడం చాలా అరుదు. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పిల్లలవుతాయి, ఆ పిల్లలూ ఆడవే. ప్రయోగశాలల్లో తరతరాలుగా ఇదే వంశం సాగుతోంది. దీనివల్ల ఇంకో లాభముంది చూడండి. మామూలుగా పురుగుల గుడ్లు సరిగ్గా బయటికొచ్చే ముందు మాత్రమే ఫలదీకరణం చెందుతాయి. కాబట్టి కడుపులో గుడ్లతో ఉన్న తల్లిని పిట్ట తినేస్తే అన్నీ పోయినట్టే. మగదానితో పనిలేని జాతికి ఆ చిక్కు లేదు. జపాన్‌లోని కోబె విశ్వవిద్యాలయం పరిశోధకులు పుల్లపురుగుల గుడ్లను పిగిలిపిట్టలకు తినిపించి, రెట్టలో వెతికారు. కొన్ని గుడ్లు చెక్కుచెదరలేదు, వాటిలో ఒకటీ అరా పిల్లలు కూడా అయ్యాయి! 2018లో ఈ ఫలితం అచ్చయింది. పిట్ట నోట పడ్డాక కూడా వంశం మిగలొచ్చు, అదీ రెక్కల మీద వేరే ఊరు చేరి.

ఇంత దాక్కున్నా శత్రువు పసిగడితే? మా పురుగు దగ్గర మరో మూడు ఎత్తులున్నాయి. ముందుకాళ్ల మొదట్లో లోపలివైపు దాచుకున్న ఎర్రమచ్చల్ని ఒక్కసారిగా చూపించి బెదిరిస్తుంది. లేదంటే పట్టు వదిలేసి కిందపడి, చచ్చినట్టు కట్టెలా పడి ఉంటుంది. కాలు శత్రువు నోట చిక్కితే ఆ కాలుని తెంపేసుకుని పోతుంది. వయసు చిన్నదైతే, తర్వాత కుబుసం విడిచినప్పుడల్లా కొత్త కాలు కొద్దికొద్దిగా పెరిగి వస్తుంది. విడిచిన కుబుసాన్ని కూడా పారేయదు, తినేస్తుంది.

దీని బంధువుల్లో ఇంత సాధువులు కానివాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఫ్లోరిడా వైపు ఉండే అనిసోమార్ఫా తల వెనకున్న గ్రంథుల నుంచి ఘాటైన ద్రవాన్ని గురిచూసి చిమ్ముతుంది, అదీ ఒక అడుగు దూరం పైనే. థామస్ ఐస్‌నర్ 1965లో దీని గురించి రాశాడు. చీమలాంటివి ముట్టుకునేదాకా ఆగుతుంది గానీ, పిట్ట మీదకొస్తుంటే మాత్రం తాకకముందే కొట్టేస్తుంది. మనిషి కంట్లో పడితే భరించలేని మంట. మలేసియా అడవుల్లోని హెటెరోప్టెరిక్స్ ముళ్లకాళ్లు పైకెత్తి, పొట్టి రెక్కలతో బుసకొట్టి, చేతికి చిక్కితే కాళ్లతో నొక్కేస్తుంది. పొడవంటారా, చైనాలో దొరికిన ఒక జాతి చాచిన కాళ్లతో కలిపి 60 సెంటీమీటర్లు దాటింది.

అయినా అన్ని ఎత్తులూ అందరి దగ్గరా పారవు. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవిలో అరచేతంత పొడవున్న నల్లటి పుల్లపురుగులుండేవి. 1918లో మకాంబో అనే ఓడ అక్కడ నేలకు తగిలి ఎలుకలు ఒడ్డెక్కాయి. కొద్ది ఏళ్లలోనే పురుగులు ఒక్కటీ మిగల్లేదు. అంతరించాయనే అందరూ అనుకున్నారు. ఆ దీవికి 23 కిలోమీటర్ల దూరంలో సముద్రంలోంచి నిటారుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే కొండరాయి ఉంది. 2001లో కొందరు శాస్త్రవేత్తలు దానిమీదికి ఎక్కి, రాత్రి టార్చి వెలుగులో ఒక పొద దగ్గర వెతికితే, బతికున్నాయి! పెద్ద గుంపేం కాదు, ఆ రాయి మీద మొత్తం కలిపినా పాతిక లోపే. 2003లో రెండు జంటల్ని కిందికి తెచ్చారు. వాటిలో ఒక జంట సంతానం మెల్‌బోర్న్ జూలో వేలకు పెరిగింది. ఇవి పాత దీవి పురుగులేనని 2017లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది.

వీటిని చూడడానికి ఇంగ్లండు రానక్కర్లేదు, మన కొండల్లో, అడవుల్లో కూడా పుల్లపురుగులున్నాయి. పగలు వెతికితే కళ్లు నొప్పులే మిగులుతాయి. రాత్రిపూట తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని, టార్చితో పొదల అంచులు, కొరికిన ఆకుల చుట్టుపక్కల చూడండి. అప్పుడైతే అవి నడుస్తుంటాయి. నాలాగా డబ్బాలో పెంచేవాళ్లకు మాత్రం ఒక్క మాట: అడుగున రాలిన గుడ్లను చెత్తతోపాటు తోటలో పారబోయకండి, ముందు ఫ్రీజర్లో పెట్టండి. పరాయి నేలల్లో పాతుకుపోయి తోటల్ని తినేసిన చరిత్ర మా పళని ఆడపడుచులకు ఉంది. లోకంలో 3,000కు పైగా జాతుల పుల్లపురుగులున్నాయట, నేను చూసింది ఒక్కటి. మీకు ఇంకోటి కనబడితే, కాళ్ల మధ్య తల ఎక్కడ పెట్టుకుందో చూసి నాకు చెప్పండి.