తవ్వితే ఊరే చోటు

మా తాత సైకిలుకు డైనమో లైటు ఉండేది. రెండు వారాలకోసారి, శనివారం షిఫ్టు దిగాక, కోలారు బంగారు గనుల్లోని ఛాంపియన్ రీఫ్ నుంచి మల్లప్పకొండ దిగువన ఉన్న మా ఊరికి ఆ సైకిలు మీదే వచ్చేవాడు. వంక దాటే చోట లైటు కనబడగానే అవ్వ సంగటికి ఎసరు పెట్టేదని అమ్మ చెప్పేది. లైటు కనబడని రాత్రులు కూడా ఉండేవి. షిఫ్టు మారిందేమోలే అనుకుని పడుకునేవాళ్లు. షిఫ్టు మారడం కాక ఇంకో కారణం కూడా ఉండొచ్చని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

ఈ మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున అదే దారిలో నేను ఎదురు ప్రయాణం చేశాను. కుప్పం పక్కనున్న మా ఊరి నుంచి కోలారు బంగారు గనులకు, అక్కడి నుంచి బేతమంగళం మీదుగా ఆవనికి. అంతా కలిపి దాదాపు 70 కిలోమీటర్లు. తాత ఇంటికి వచ్చే దారి మాకు తెలుసు. పనికి పోయే దారి ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరమూ చూడలేదు.

మొదటి గంట అంతా ఎక్కుడే. మనకు తెలియకుండానే నేల మైసూరు పీఠభూమి మీదికి లేస్తూ ఉంటుంది. కానుగ చెట్లు కొత్త చిగురు తొడిగాయి, మామిడి తోపుల్లో పూత వాసన. చిగురుగుంట దగ్గర సైకిలు ఆపాను. ఇక్కడా, బిసానత్తం దగ్గరా ఒకప్పుడు బంగారం తీశారు. కోలారు బంగారు రాయి రాష్ట్రాల సరిహద్దు చూసుకుని ఆగలేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80 కిలోమీటర్లు సాగిన సన్నటి శిలల పట్టీ అది, దాని తోక మా చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. అందుకేనేమో హద్దు దాటినా నాకు ఊరు మారినట్టు అనిపించలేదు. బోర్డుల మీద అక్షరాలు కన్నడంలోకి మారాయి గానీ, రోడ్డు పక్క కళ్లంలో రాగులు తూర్పారబట్టే ఆడవాళ్ల మాట అదే తెలుగు.

ఫ్రాన్సులో పల్లెదారుల వెంట సైకిలు తొక్కేవాళ్లకు చర్చి శిఖరమే మైలురాయి. చేలకు పైన సన్నగా ఆ మొన కనబడిందంటే ఊరు వస్తోందని, నీడా నీళ్లూ దొరుకుతాయని లెక్క. మా దారిలో ముందుగా కనబడేవి వేరు. మారికుప్పం సమీపిస్తుంటే ఆకాశం కింద రెండు రకాల ఆకారాలు తేలాయి: గనిలోకి దిగే షాఫ్టుల మీది తుప్పుపట్టిన గోపురాలు, వాటి పక్కన సైనైడు దిబ్బలు. గని రాయిని పిండి కొట్టి, సైనైడు నీళ్లలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన మట్టి ఆ దిబ్బలు. ఎండ పడితే లేత పసుపు రంగులో మెరుస్తాయి. వానలు కోసిన చారలు తప్ప చాలా మేర వాటి మీద ఏమీ మొలవదు. గాలి వీచినప్పుడు ఆ సన్నటి పొడి నా పెదాల మీద పడింది. తాత భుజం మీద ఎప్పుడూ ఉండే తువ్వాలు ఎందుకో అప్పుడు అర్థమైంది.

1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే సర్వే అధికారి ఇక్కడికి వచ్చేనాటికే మారికుప్పం, ఊరిగాం జనం మట్టి కడిగి బంగారు రేణువులు ఏరుకుంటున్నారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక ఆ చిన్న గుంటలు షాఫ్టులయ్యాయి. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు తీగ లాగారు. చుట్టుపక్కల పట్నాలు దీపాలతో గడుపుతున్న కాలంలో ఈ గనుల్లో మోటార్లు తిరిగాయి. ఛాంపియన్ రీఫ్‌లో తవ్వకం 3 కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. 1965లో శాస్త్రజ్ఞులు ఆ గని లోతుల్లో, పైనున్న రాయినంతా జల్లెడగా వాడుకుని, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఇన్నేళ్లలో పైకి వచ్చిన బంగారం 800 టన్నుల పైమాటే.

ఛాంపియన్ రీఫ్ చేరేసరికి ఏడున్నర. అవర్ లేడీ ఆఫ్ విక్టరీస్ చర్చిలో పూజ నడుస్తోంది. తపస్సు కాలం కాబట్టి పీఠం మీద ఊదారంగు గుడ్డ. తమిళంలో పాట. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కుటుంబాలే ఈ గనుల్లో ఎక్కువ. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, మలబారు నుంచి వచ్చినవాళ్లు వాళ్లతో కలిశారు. చెప్పులు విడిచి వెనక వరసలో నిలబడ్డాను. నా పక్కన తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు కళ్లు మూసుకుని ఉన్నారు. పూజ అయ్యాక బయట వేపచెట్టు కింద నా సైకిలు వైపు చాలాసేపు చూసి, తెలుగులోనే పలకరించారు.

"యా వూరు నాయనా?"

చెప్పాను. తాత సంగతీ చెప్పాను.

"యా షాఫ్టు ఆయనది?"

"గిఫర్డ్ షాఫ్టు అనేవాడయ్యా."

"అయితే మావాడివే" అని చెయ్యి పట్టుకుని అక్కడి అరుగు మీద కూచోబెట్టారు. ఆయన 31 ఏళ్లు లోపల పని చేశారట. ఆ మాట అంటూ నేల వైపు వేలు చూపించారు. అంత లోతున రాయి వేడి గురించి, ఒంటి మీద చొక్కా నిలవని చెమట గురించి చెప్పారు. పైనున్న రాయి బరువుకు సొరంగం గోడలు ఉన్నట్టుండి పగిలి విరుచుకుపడడాన్ని రాక్ బర్స్ట్ అంటారు. ఆ అదురుకు పైన ఇళ్లల్లో గిన్నెలు కదిలితే ఆడవాళ్లు చేస్తున్న పని వదిలి షాఫ్టు దగ్గరకు పరుగెత్తేవాళ్లట.

"కిందికి దించే కేజ్ గేటు పడినాక ఎవురి దేవుణ్ని వాళ్లు తలుచుకొనేది. చీకట్లో పెదాలు కదిలేది ఎవురికీ కనపడదు. పైకొచ్చినాక మాత్రం అందురమూ ఈ గుడికీ ఒక దండం, అమ్మోరి గుడికీ ఒక దండం పెట్టేసి ఇంటికి పొయ్యేది."

మా తాత రోడ్డు మీద ఏ గుడి, ఏ మసీదు, ఏ చర్చి దాటినా హ్యాండిల్ మీది చేయి తీసి గుండెకు ఆనించుకునేవాడు. చిన్నప్పుడు అది ఆయన అలవాటనుకున్నాను. అప్పు తీరుస్తున్నాడని ఆ అరుగు మీద కూచున్నాకే తెలిసింది.

ఊరిగాం వైపు సైకిలు తిప్పాను. ఇంగ్లిషు అధికారులు ప్రార్థించుకున్న సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి అక్కడే ఉంది. ఆ బాటలో చెట్ల నీడ చిక్కన. దొరల బంగళాలకూ, కార్మికుల లైన్లకూ మధ్య దూరం సైకిలు మీద నిమిషాలే. ఒక వైపు తోటలూ వరండాలూ, ఇంకో వైపు ఒకే గోడ పంచుకున్న చిన్నచిన్న గదుల బారులు. ఆ గదుల ముందు ఇప్పటికీ ముగ్గులున్నాయి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఆ ఇళ్లలోని పిల్లలు అప్పటి నుంచి చీకటితో లేచి బెంగళూరు రైలెక్కుతున్నారు. గని ఉన్నంతకాలం లోపల ఊరే నీళ్లను పంపులు రాత్రింబగళ్లు పైకి తోడేవి. పంపులు ఆగాక నీళ్లు మెల్లగా ఎక్కి సొరంగాలను నింపేశాయి. అన్ని మైళ్ల నీళ్లు కాళ్ల కింద ఉన్నాయి, ఒక్క బిందె కూడా తోడుకోవడానికి లేదు.

ఎండ ముదరక ముందే బేతమంగళం దారి పట్టాను. రాబర్ట్‌సన్‌పేట దాటాక బండ్లు పలచబడ్డాయి. చింతచెట్ల నీడల మధ్య సైకిలు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని మైళ్లవి. మల్బరీ తోటలు, టమాటా మడులు, గడ్డివాములు. తరవాత ఒక్క మలుపులో చెరువు. నందికొండల్లో పుట్టి వచ్చే పాలారు మీద కట్టిన చెరువు. కట్ట మీద సైకిలు నిలబెట్టి, గాలి ముఖానికి తగులుతుంటే అవ్వ కట్టిచ్చినట్టే కట్టుకొచ్చిన సంగటి ముద్ద, చింతకాయ పచ్చడి తిన్నాను.

ఈ చెరువు కథ గనుల కథ కన్నా చాలా పాతది. బేతమంగళం పాత పేరు విజయాదిత్యమంగళం, బాణరాజుల నాటిది. 950 ప్రాంతంలో కట్ట తెగితే ఇరివ నొళంబుడనే రాజు మళ్లీ కట్టించాడు. 12వ శతాబ్దంలో ఇంకోసారి తెగితే హొయసల దండనాయకుడు చొక్కిమయ్య కట్టించాడు. 1903లో మరోసారి తెగింది, మరోసారి కట్టారు. బంగారు గనుల ఊళ్లకు తాగునీళ్లు ఇక్కడి నుంచే పోయాయి. మూడు కిలోమీటర్ల లోతుకు దిగినవాళ్లు కూడా దాహానికి నొళంబులు కట్టిన నీళ్లే తాగారు.

కట్ట మీద కూచుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ మనిషి గునపంతో తవ్వినవే. గని తవ్విన కొద్దీ తరిగింది. చివరి రోజుల్లో టన్ను రాయిని పిండి కొడితే కొద్ది గ్రాములే. చెరువు తవ్వని ఏడు తరుగుతుంది, పూడిక తీసిన ఏడు ఊరుతుంది. గని మూతపడ్డాక దాన్ని మళ్లీ నిలబెట్టగలవాడు ఊళ్లో లేడు. చెరువు తెగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి కట్టారు.

ఆవనికి చేరేసరికి పొద్దు వాలింది. నున్నటి పెద్ద రాతికొండ, కింద రాముడి పేరా, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేరా శివాలయాలు. కుశలవులు పుట్టింది ఇక్కడేనని, వాల్మీకి ఆశ్రమం ఈ కొండేనని ఈ సీమ నమ్మకం. శివరాత్రికి పెద్ద పశువుల సంత జరుగుతుంది. గుంజలు పాతిన గుంతలు, ఎండిన పేడ ఇంకా అలాగే ఉన్నాయి. నొళంబుల కాలంనాటి స్తంభాలు నున్నగా, చల్లగా ఉన్నాయి. ఇక్కడి శాసనంలో త్రిభువనకర్తారుడనే సన్యాసి ప్రస్తావన ఉంది. 40 ఏళ్లు ఈ స్థానాన్ని ఏలి 50 గుళ్లు కట్టించాడు, రెండు పెద్ద చెరువులు తవ్వించాడు. గుడీ చెరువూ రెండూ ఒక్క వాక్యంలో రాశారు. సన్యాసి పుణ్యపు లెక్కలో రెండూ ఒకటే.

చెప్పులు చేతబట్టుకుని కొండెక్కాను. పైనుంచి చూస్తే పశ్చిమాన పొద్దు, దాని కింద ఒకదాని వెనక ఒకటి చెరువులు. కొన్నిటిలో నీళ్లు మెరుస్తున్నాయి, కొన్ని బీటలు వారి ఉన్నాయి. అలాంటి ఎండిన చెరువొకదానిలో ట్రాక్టరు నిలబడి ఉంది. నలుగురు మనుషులు పారలతో పూడిక ఎత్తి పోస్తున్నారు.

గని నుంచి రిటైరయి వచ్చాక మా తాత ప్రతి ఎండాకాలం మా ఊరి చెరువులోకి దిగేవాడు. ఊపిరి సరిగా ఆడేది కాదు. వద్దని అవ్వ కేకలేసేది. "జీవితమంతా తవ్వినానే, ఒకసారైనా నిండేదాన్ని తవ్వనీ" అనేవాడు. మాకు అది ముసలాయన మొండితనంలా వినబడేది. కొండ దిగి, చీకటి పడకముందే ఆ ట్రాక్టరు దగ్గరకు సైకిలు తొక్కాను. వాళ్లలో ఒకతను "ఏం సామీ?" అన్నాడు తెలుగులో. ఒక పార అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చాడు. మట్టి నల్లగా, అడుగున ఇంకా తడిగా ఉంది.