మా యింటి టీకా పత్రములు

మా అమ్మాయి ఇంగ్లండులో లెస్టరు నగరమున కాపురమున్నది. 2021వ సంవత్సరము డిసెంబరు నెలాఖరున ఆమెకు పురుడు రావలసియుండెను. తొలిచూలు. తల్లి దగ్గర లేకుండ ఆ పిల్లకు పురుడు వచ్చు టెట్లని మా యింట నందరకును దిగులు. ఆ దిగులు విమానపు టిక్కెట్టును గూర్చినది కాదు. వీసాను గూర్చినదియు కాదు. నా టెలిఫోనులో నిదురించుచున్న నాలుగు టీకా పత్రములను గూర్చినది. ఆ నాలుగింటి కథయే నేను చెప్పదలచితిని. ఇందు తప్పు చాలవరకు నాది.

ఆ సంవత్సరము మార్చి 1వ తేదీనుండి అరువది యేండ్లు దాటినవారికి టీకాలు వేయ నారంభించిరి. అందులకు ప్రభుత్వమువారు నెలకొల్పిన కోవిన్ అను పట్టికలో పేరు నమోదు కావలెను. నాటి నిబంధన ప్రకారము ఒక్క టెలిఫోను నంబరుపై నలుగురిని చేర్చవచ్చును. నేను నన్నును, నా భార్యను, మా యింటనే యుండు మా అక్కయ్యను చేర్చితిని. వేసవిలో పదునెనిమిదేండ్లు దాటినవారి వంతు రాగానే మా వంటమనిషినిగూడ నాలుగవ పేరుగా వ్రాసితిని. మా ముగ్గురకు హైదరాబాదున తయారైన కొవాగ్జిన్ పడినది, ఆమెకు కొవిషీల్డు. నలుగురి బాధ్యతయు వహించినందుకు నాకు లోలోపల గర్వముగనే యుండెను. సూది పొడిపించుకొన్నవి నాలుగు చేతులు. పత్రములు మాత్రము ఒక్క జేబులో. ఇది వింతగా నున్నదని నాకుగాని, ఇరుగుపొరుగువారికిగాని తోచలేదు. మా వీధిలో నెవరి యింట జూచినను అదే తీరు.

ప్రయాణికుని ఆరోగ్యమునకు చీటి యడుగుట క్రొత్త సంగతి గాదు. 1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేరిన పిమ్మట మన మద్రాసు రాజధానిలో రోగమున్న యూళ్లనుండి వచ్చినవారికి ప్లేగు పాసుపోర్టు లిచ్చి, పది దినములు అధికారుల కంటికి కనబడుచుండవలెనని నిర్బంధించిరి. ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను పచ్చజ్వర మున్న దేశములనుండి మన దేశమునకు వచ్చువారు నేటికిని పసుపుపచ్చని చిన్న పుస్తకము చూపవలెను. టీకా వేసిన పది దినములకు గాని అది చెల్లదు. 2016 జూలైనుండి ఆ టీకా యావజ్జీవము చెల్లునని నిర్ణయించిరి. ఆ పుస్తకములో ఒక చిన్న విశేష మున్నది. టీకా వేసినవారి సంతకమేగాక, వేయించుకొన్నవారి సంతకమునకుగూడ అందు చోటు విడిచిరి. క్రొత్తగా వచ్చిన పత్రములో ఆ చోటు లేదు.

దానికి బదులుగా నున్నది క్యూఆర్ కోడు అను నల్లని గళ్ల చదరము. పేరు, వయస్సు, ఏ టీకా, ఏ తేదీ, ఎచ్చట వేసిరి అను వివరములన్నియు ఆ గళ్లలో నిమిడియుండును. దానిపై ప్రభుత్వము తన రహస్యమైన అంకెల కీలకముతో నొక ముద్ర వేయును. ఆ కీలకమునకు జోడైనదానిని బహిరంగముగ నుంచును గనుక, ముద్ర నిజమైనదా యని యే దేశపు అధికారియైనను క్షణములో తేల్చుకొనవచ్చును. ఒక్క యక్షరము మార్చినను ముద్ర చెడును. దొంగ పత్రముల నరికట్టుటకు ఇంతకంటె మంచి యుపాయము నేనెరుగను. అయితే అది నిరూపించునది యొక్కటియే: ఈ పేరుగల మనిషికి ఈ టీకా పడినదని ప్రభుత్వము వ్రాసికొన్నదని. ఎదుట నిలిచిన మనిషి ఆ పేరు గలవారగునా కాదా యనుట పాసుపోర్టు చెప్పవలెను. రెంటను పేరొక్కటిగా నుండవలెను.

మా చిక్కంతయు అచ్చటనే వచ్చినది. కోవిన్‌లో నా భార్య పేరు వ్రాయునపుడు ముందు నా యింటిపేరు తగిలించితిని. చేయి తనంతట తానే వ్రాసినది. ఆమె బడిపంతులమ్మగా నిరువదియెనిమిదేండ్లు పనిచేసినది. బడి సర్టిఫికెటు మొదలు పాసుపోర్టువరకు ఆమె కాగితములన్నింటను పుట్టినింటి పేరే యున్నది. ఈ సంగతి నేనెరుగనిది కాదు. పెన్షను కాగితములు నేనే మోసితిని.

అప్పటి నియమములో, గడియకొక మారుగా మారుచుండెను. కొవిషీల్డు వేసికొన్న మనవారినిగూడ బ్రిటను 2021 అక్టోబరు 4నుండి టీకా లేనివారివలె పది దినములు ఇంట బంధింప దలచెను. మన ప్రభుత్వమును అదే దినమునుండి వారి దేశపు ప్రయాణికులకు అదే శిక్ష విధించెను. వారము తిరుగకుండ, 11వ తేదీనుండి, వారు సడలించిరి. కొవాగ్జిన్ మాట వేరు. దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబరు 3న అంగీకరించెను, బ్రిటను 22నుండి. మా యమ్మాయి ప్రతి రాత్రియు టెలిఫోను చేసి, "ఇంకా రాలేదా, నాన్నగారూ?" యని యడుగును. పరీక్ష ఫలితమునకై యెదురుచూచు విద్యార్థివలె ఆ టీకా పేరు కొరకు మేమందరము కాచుకొని యుంటిమి.

అది వచ్చినది. అప్పుడు పేరు తేడా కనబడినది. నేను మొదట చేయజూచిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది. "పాసుపోర్టులో పేరు మార్పించిన సరిపోవును గదా" యంటిని. నా భార్య బట్టలు సర్దుచు తలయెత్తి, "నా పేరు తప్పు కాదండీ. మీరు వ్రాసిందే తప్పు. మీ తప్పు దిద్దుకోండి" యన్నది. కోవిన్‌లో పేరు దిద్దుకొనుటకు ఒక్కసారి మాత్రమే అవకాశము. రెండవసారి పొరపాటు పడినచో మరి గతి లేదు. ఆమె కుర్చీ తెచ్చుకొని నా ప్రక్కన కూర్చున్నది. పాసుపోర్టు విప్పి అక్షర మక్షరము చదివినది, నేను కొట్టితిని. పిమ్మట టెలిఫోను తీసికొని తానే మరల సరిచూచి, తన వ్రేలితో మీట నొక్కినది. నాలుగు దినములకు సరియైన పత్రము వచ్చినది. హైదరాబాదు విమానాశ్రయమున ఆ కాగితమును, పాసుపోర్టును ప్రక్కప్రక్కన నుంచి ఉద్యోగి చదివిన ఆ అరనిమిషము మాత్రము నా నోట తడి లేదు. అచ్చటికి చేరిన పిదప మరియొక పరీక్ష, దాని ఫలితము వచ్చువరకు గదిలో కాపురము. తరువాత తల్లి బిడ్డను చేరుకొన్నది. నెలాఖరున మనుమరాలు పుట్టినది.

నా తప్పు అంతటితో ముగిసె ననుకొంటిని. జనవరి నెలలో మా వంటమనిషి టెలిఫోను చేసినది. మేము బయలుదేరగనే ఆమె రాజోలు దగ్గరనున్న తన స్వగ్రామమునకు పోయియుండెను. కోనసీమనుండి ఆడవారు ఇంటిపనులకు కువైటు వెళ్లుట మన జిల్లాలవారికి తెలిసినదే. ఆమె చెల్లెలు అచ్చటనే యున్నది. ఆమెకును పని కుదిరినది. టీకా పత్రము కావలెను.

"బాబుగారండీ, మీ ఫోనుకేదో నంబరొత్తాదంటండి. అది చెప్తేనేగాని కాయితం రాదంటన్నాడండి షాపాయన."

ఆ నంబరు వచ్చు సిమ్మును నేను తీసివేసి, పోకుండ నొక అగ్గిపెట్టెలో భద్రపరచితిని! దానిని మరల పెట్టితిని. పరదేశమున నది పలుకలేదు. రోమింగు తెరపించుటకు రాజమహేంద్రవరమున మా పొరుగింటి కుర్రవానిని రెండు దినములు త్రిప్పితిని. అది పలుకనారంభించిన పిదప వేరొక చిక్కు. నంబరు వచ్చిన కొలది నిమిషములలో దానిని చెప్పకున్న చెల్లదు. షాపు తొమ్మిదింటికి తెరతురు. మాకపుడు తెల్లవారుజామున మూడున్నర. మొదటి దినము నాకు మెలకువ రాలేదు. ఆమె బస్సెక్కి పది మైళ్లు వచ్చి, షాపు వాకిట రెండు గంటలు నిలువబడి, తిరిగి పోయినది. ఆ దినపు కూలి పోయినది. విమానపు తేదీ దగ్గరపడుచున్నందున ప్రయాణము కుదిర్చినవారు విసుగుకొనుచుండిరట. ఆమె నాతో ఒక్క పరుషపు మాట యనలేదు. అది నన్ను మరింత బాధించినది.

రెండవ దినము నేను పండుకొననే లేదు. వంటింటిలో దీపము తగ్గించి, రెండు టెలిఫోనులు బల్లపై పెట్టుకొని కూర్చుంటిని. పురిటి గదిలో పసిపాప ఏడ్చి ఊరకుండినది. నంబరు వచ్చినది. ఆరంకెలను బిగ్గరగ చదివితిని. ఆమె అవతల నొక్కొక్కటే షాపతనికి చెప్పుచుండుట విననయ్యెను. "వచ్చిందండి బాబుగారూ, నా పేరే ఉందండి" యన్నది. పేరెట్లు వ్రాసిరని భయముతో నడిగితిని. ఆమెకు చదువు కొద్ది. షాపతనిచే పాసుపోర్టుతో సరిచూపించితిని. అదృష్టవశమున సరిపోయినది. ఆమె పేరు నేను ఆధారు కార్డు చూచి వ్రాసియుంటిని. నా భార్య పేరు మాత్రము చూడకయే వ్రాసితిని.

బ్రిటను 2022 మార్చి 18న ఆ ప్రయాణపు నిబంధనల నన్నింటిని ఎత్తివేసినది. ఐరోపా సమాఖ్యవారు 2021 జూలై 1న మొదలిడిన టీకా పత్రపు చట్టము 2023 జూన్ 30తో ముగిసినది. ఆ యేర్పాటునే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టినది. 2024లో జెనీవాలో అంతర్జాతీయ ఆరోగ్య నియమములను సవరించినపుడు ఆరోగ్య పత్రములు కాగితముపైగాని అంకెల రూపమునగాని యుండవచ్చునని చేర్చిరి. 2025 సెప్టెంబరునుండి ఆ సవరణ అమలులో నున్నది. కావున ఈ చీటీలు మరల రావని యెవరును చెప్పజాలరు. వచ్చునాటికి ఎవరి నంబరు వారికి, ఎవరి పేరు వారి నోట చదువబడి, మా యింటనైన నుండవలెనని మేమిరువురమును అనుకొంటిమి. వంటమనిషికి అంతకుముందే తన సొంత టెలిఫోను ఉండెను. పేరు నమోదు చేయునపుడు దాని నంబరు అడుగవలెనని నాకే తోచలేదు.

ఇంటికి తిరిగి వచ్చిన పిదప మా అక్కయ్య పత్రమునుగూడ అచ్చు వేయించి ఆమె చేతి కిచ్చితిని. ఆమె యే దేశమునకును పోవునది కాదు. కండ్లద్దములు పెట్టుకొని, పేరు రెండుమారులు చదువుకొని, తన పెట్టెలో బ్యాంకు పుస్తకము క్రింద దానిని దాచినది.

"ఇది నాదే కదరా తమ్ముడూ, ఇన్నాళ్లూ నీ దగ్గరెందుకుంది?" యన్నది.