ఆకు మానిన ఇల్లు

కొడాక్ వాళ్ల కారౌసెల్ స్లైడ్ ప్రొజెక్టర్‌ని ఈ తరం పిల్లలు చూసి ఉండరు. గుండ్రటి నల్ల ట్రే, దాని చుట్టూ 80 గళ్లు, ఒక్కో గడిలో అట్ట చట్రంలో బిగించిన బుల్లి ఫిల్ము ముక్క. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడేది, టక్కుమని పాత బొమ్మ లేచిపోయేది, ట్రే ఒక గడి జరిగేది, కొత్త బొమ్మ దిగి ముందు మసగ్గా, ఆ తరవాత తేటగా కుదురుకునేది. బల్బు వేడికి మాడే దుమ్ము వాసన, లోపల ఫ్యాను హోరు, వెలుగు దారిలో ఎగిరే దీపం పురుగులు. మా ఒంగోలు వైపు పల్లెల్లో రాత్రిపూట బడి గోడకు తెల్లదుప్పటి కట్టి, పొగాకు రైతులకు లద్దెపురుగునీ, వేళ్ల మీద పడి బతికే పొగాకు మల్లెనీ ఇలాంటి మిషనుతోనే చూపించేవారు. మొక్కను చంపే ఆ మల్లె ఎంత నాజూకైన పువ్వో నేల మీద కూచుని ఆ దుప్పటి మీదే చూశాను.

అమెరికాకు ఉపాధ్యక్షుడిగా చేసిన అల్ గోర్ గురించి ఎక్కడ చదివినా నాకు ముందు ఆ మిషనే గుర్తొస్తుంది. 2000 ఎన్నికల్లో దేశం మొత్తం మీద ప్రత్యర్థి కంటే అయిదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో, సుప్రీంకోర్టు తీర్పుతో అధ్యక్ష పదవి చేజారిన మనిషి, ఆ తరవాత మళ్లీ చేతికి తీసుకున్నది పాత స్లైడ్లనే. కరుగుతున్న మంచుకొండలు, ఎండిన సరస్సులు, పైపైకి పోయే ఒక గీత. వాటిని పట్టుకుని ఊరూరా తిరిగి, వినడానికి వచ్చినవాళ్లు ఎంతమందైనా సరే, మొదటినుంచి మొదలుపెట్టి చెప్పేవాడు. కొన్నాళ్లకి ఆ బొమ్మలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. 2004లో కొడాక్ ఆ ప్రొజెక్టర్ల తయారీయే ఆపేసింది. అందులో బాధపడాల్సిందేమీ లేదు; ట్రేలు మోసేవాడికి భుజం నొప్పి తగ్గింది, తలకిందులుగా పెట్టిన స్లైడు కోసం చీకట్లో తడుముకోవడం తప్పింది. బొమ్మకీ బొమ్మకీ మధ్య తెర నల్లబడే ఆ క్షణం మాత్రం పోయింది. చూసినదాన్ని గుటక వేసుకోవడానికి అది చాలేది.

కానీ ఆయన పదవుల కంటే, పుస్తకాల కంటే నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది వాళ్ల పొలం. టెనెసీ రాష్ట్రంలో కార్తేజ్ అనే చిన్న ఊరు, కేనీ ఫోర్క్ నది కంబర్లండ్‌లో కలిసేచోట. తండ్రి ఆల్బర్ట్ గోర్ సెనేటరు కాబట్టి బడి నెలలన్నీ వాషింగ్టన్‌లో హోటల్ పైఅంతస్తులో గడిచేవి. సెలవులు మాత్రం ఈ పొలంలో, పశువుల మధ్య, పొగాకు చాళ్లలో. అక్కడ పండేది బర్లీ. మన వినుకొండ వైపు రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేని రకం. నారు నాటడం, కలుపు తీయడం, పువ్వు రాగానే తలలు తుంచడం, ఆకు పంగల్లో వచ్చే పిలకలు గిల్లడం, చివరికి మొక్కను మొదలంటా నరికి కర్రకు గుచ్చి కొట్టంలో వేలాడదీయడం. చెక్కల సందుల్లోంచి గాలి ఆడుతూ ఉంటే వారాల తరబడి నిదానంగా ఆరి, పచ్చటి ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. నిప్పు పని లేదు.

మాది నిప్పు పని. మేం వేసింది వర్జీనియా, దానికి బ్యారన్ కాల్చాలి. నాలుగు ఎత్తైన ఇటుక గోడలు, లోపల అంతస్తులుగా దూలాలు, నేల మీద చుట్టూ తిరిగే ఇనుప గొట్టాలు, బయట పొయ్యి నోరు. సంక్రాంతి దాటాక రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలయ్యేవి. ఆడకూలీలు మంచులో తడిసిన ఆకును చంకకింద పెట్టుకుని చాలు వెంట నడిచేవాళ్లు, పొద్దెక్కేసరికి కొందరికి తల తిరిగి వాంతులయ్యేవి, ఎండ దెబ్బ అని మజ్జిగ ఇచ్చి పక్కన కూచోబెట్టేవారు. అది తడి ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగడమని చాలా ఏళ్లకి చదివాను. చేతులకి అంటిన జిగురు నల్లగా గట్టిపడి, సబ్బుకీ బూడిదకీ లొంగక, అన్నం ముద్దలోకి చేదు దింపేది. కర్రలకు అల్లిన ఆకు బ్యారన్‌లోకి ఎక్కాక అయిదారు రోజులు రాత్రీ పగలూ పొయ్యి ఆరకూడదు: ముందు సన్నని సెగలో ఆకు పసుపు తిరగాలి, తరవాత రంగు నిలవాలి, ఆఖరికి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోయి ఈనె పెళుసుబారాలి. నాయన చలిలో నులకమంచం వేసుకుని అక్కడే పడుకునేవాడు, మధ్యలో లేచి చిన్న కిటికీ అద్దంలోంచి టార్చిలైటు వేసి లోపలి థర్మామీటరు చూసేవాడు. ఒక కర్ర జారి గొట్టం మీద పడిందా, ఏడాది కష్టం గంటలో బూడిద.

ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నిలబడిపోతాను. కొంచెం తేనె, కొంచెం ఎండుగడ్డి, లోపలెక్కడో పులుపు. దాని వెనకాలే బండ్ల మీద దిగే కట్టెలూ గుర్తొస్తాయి: తుమ్మ, వేప, సరుగుడు, ఆఖరికి కాపు తగ్గిన మామిడి. మా ఊరి చుట్టూ నీడ పలచబడిందంటే అందులో మా పొయ్యి వాటా ఉంది. నా పుస్తకాలు, మా అక్క పెళ్లి, ఇంటికి వేసిన స్లాబు, అన్నీ ఆ ఆకు పెట్టినవే. ఈ రెండు వాక్యాల్లో దేన్నీ కొట్టేయలేను.

పొగాకు ప్రాణం తీస్తుందని అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది 1964 జనవరిలో. అప్పటికి గోర్‌కి పదిహేనేళ్లు. అతని అక్క నాన్సీ పదమూడో ఏటనే సిగరెట్ అందుకుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆమె 1984 జులైలో చనిపోయింది, 46 ఏళ్లకి. ఆ నవంబరులోనే తమ్ముడు సెనేట్‌కి గెలిచాడు. ఇంత జరిగాక కూడా ఆ పొలంలో పొగాకు మర్నాడే ఆగిపోలేదు, కొన్నేళ్ల పాటు నారు పోశారు, నాటారు, కొట్టంలో వేలాడదీశారు. 1988లో అధ్యక్ష పదవి అభ్యర్థిత్వానికి పోటీపడుతూ, దక్షిణాది పొగాకు రైతుల ముందు నిలబడి, ఈ పంట నా చేతులతో పండించినవాణ్నేనని గర్వంగా చెప్పుకున్నాడు కూడా. 1996లో షికాగోలో తన పార్టీ మహాసభలో అక్క చావు గురించి గొంతు వణుకుతూ చెప్పినప్పుడు పత్రికలు ఆ పాత మాటల్ని బయటికి తీశాయి, తీయాల్సిందే. దుఃఖం మనిషిని మొద్దుబార్చేస్తుందని, తెలిసినదాన్ని మనసు వెంటనే ఒప్పుకోదని ఆయన ఇచ్చిన సమాధానాన్ని చాలామంది సాకు అన్నారు. బ్యారన్ పక్కన పెరిగినవాణ్ని కాబట్టి నేను అలా అనలేను. ఆకు అమ్ముడుపోయిన రాత్రి తాతయ్య చుట్ట కాలుస్తూ దగ్గే దగ్గు మా ఇంట్లో అందరికీ వినపడేది.

పైపైకి పోయే ఆ గీతను గోర్‌కి కుర్రతనంలోనే చూపించారు. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన శాస్త్రవేత్త రోజర్ రెవెల్ చూపించాడు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద, 1958 నుంచి, చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త గాలిలో బొగ్గుపులుసు వాయువును కొలుస్తుంటే, కాగితం చుట్ట మీద సిరాకలం గీత గీసుకుంటూ పోయేది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగురించి ఆకు పట్టిన నెలల్లో గీత దిగుతుంది, ఆకు రాలాక ఎక్కుతుంది, కానీ ప్రతి ఏడూ నిరుటికంటే కాస్త పైనే ఆగుతుంది. మొదట్లో పది లక్షల పాళ్లలో 315 దగ్గర ఉన్న ఆ లెక్క ఇప్పుడు 420 దాటింది. ఆ కుర్రవాడు పెరిగి, వియత్నాం యుద్ధానికి సైనిక విలేఖరిగా వెళ్లొచ్చి, నాష్‌విల్‌లో పత్రికలో పనిచేసి, 1977లో ప్రతినిధుల సభకు వెళ్లాక, 1980ల మొదట్లోనే గురువు రెవెల్‌ని పిలిపించి సభాసంఘం ముందు సాక్ష్యం చెప్పించాడు. 1992లో దీని మీదే పుస్తకం రాశాడు, ఆ ఏడే రియో పర్యావరణ సదస్సుకి వెళ్లాడు, మరుసటి ఏడు ఉపాధ్యక్షుడయ్యాడు.

అధికారం చేతికొచ్చాక ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1993లో ఇంధనాల మీద వేయాలనుకున్న పన్ను కాంగ్రెస్‌లో నీరుగారిపోయింది. 1997 జులైలో, వర్ధమాన దేశాలకు బాధ్యత లేని వాతావరణ ఒప్పందం మాకొద్దని సెనేట్ 95–0 ఓట్లతో ముందే చెప్పేసింది. డిసెంబరులో ఆయన క్యోటోకి స్వయంగా వెళ్లి, బిగుసుకున్న చర్చల్లో తమ బృందాన్ని పట్టువిడుపులు చూపమన్నాడు. ఒప్పందం కుదిరింది, 1998లో అమెరికా సంతకమూ పెట్టింది, కానీ ఆ కాగితం సెనేట్ గడప తొక్కనేలేదు. 2000 ప్రచారంలో చమురు ధరలు పెరిగితే, వ్యూహాత్మక నిల్వల్లోంచి చమురు విడుదల చేయమని అడిగినవాడూ ఆయనే. పెట్రోలు బంకు దగ్గర నిలబడ్డ ఓటరు ముందు రెవెల్ గీత గురించి మాట్లాడటం, ఆకు కొనేవాడి ముందు క్యాన్సర్ గురించి మాట్లాడటం లాంటిదే.

పదవి పోయాకే గొంతు పూర్తిగా తెరిచాడు. తన స్లైడ్ల మీద 2006లో వచ్చిన సినిమాలో, గీత ఎంత ఎత్తుకు పోతుందో చూపించడానికి యంత్రపు నిచ్చెన ఎక్కి పైకి పోవడం ప్రపంచమంతా చూసింది. అందులో పొలం ఉంది, పొగాకు ఉంది, అక్క చావూ తండ్రి ఆ పంట మానేయడమూ ఉన్నాయి. మరుసటి ఏడు లండన్ హైకోర్టు న్యాయమూర్తి సినిమా మొత్తమ్మీద చెప్పేది సరైనదేనంటూనే తొమ్మిది చోట్ల తప్పు పట్టాడు. కిలిమంజారో మంచు కరగడాన్ని పూర్తిగా మనిషి తెచ్చిన వేడిమికే కట్టబెట్టలేమన్నది అందులో ఒకటి. కారణాల తగవు ఎలా ఉన్నా, 1912 నాటి ఆ కొండ మంచులో 80 శాతానికి పైగా ఇప్పుడు లేదు. ఆ డిసెంబరులోనే ఓస్లోలో, వాతావరణ మార్పును మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీతో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. ఆ సంస్థ తరఫున పక్కన నిలబడ్డ రాజేంద్ర పచౌరీ 1970లలో మన హైదరాబాదు స్టాఫ్ కాలేజీలో, బెల్లా విస్టా ఆవరణలో, పాఠాలు చెప్పిన మనిషే. తన స్లైడ్లని తనకు బదులు చెప్పగల మనుషుల్ని తయారుచేయడం గోర్ 2006లోనే మొదలుపెట్టాడు. మొదటి విడత యాభైమంది కూచుని నేర్చుకున్నది ఆ కార్తేజ్ పొలంలోనే. ఇప్పుడక్కడ నేలకు సారం తిరిగి తెచ్చే సేద్యం చేస్తున్నారు.

మా బ్యారన్ పడగొట్టేశాం. నాయన ఆకు మానింది ఆరోగ్యం గురించి ఆలోచించి కాదు. కట్టెల ఖర్చు పెరిగింది, రెలుపులకు మనుషులు దొరకలేదు, వేలంలో రేటు రెండేళ్లు వరసగా దెబ్బకొట్టింది. ఇటుకలు గొడ్ల చావిడికి పనికొచ్చాయి, గొట్టాలు పాత ఇనుముకి పోయాయి, ఆ చేలో ఇప్పుడు జామాయిల్. కొండపి, కందుకూరు వైపు ఇంకా బ్యారన్లు కాలుతూనే ఉన్నాయి, ఆ కాల్చేవాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. కొడాక్ ప్రొజెక్టర్ల తయారీ ఆగిన ఆ 2004లోనే అమెరికా, 1930ల నుంచి నడుస్తున్న పొగాకు కోటాలను రద్దు చేస్తూ, కోటాలున్నవాళ్లకీ సాగుదార్లకీ పదేళ్లలో సుమారు వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చేలా చట్టం చేసింది, ఆ డబ్బును సిగరెట్ కంపెనీల దగ్గర వసూలు చేసింది. అదీ జనం ఊపిరితిత్తుల కోసం చేసిన చట్టమేమీ కాదు, కోటాల మార్కెట్ కుప్పకూలుతోందని చేసింది. అయినా ఒక పంట మీద బతికినవాళ్లు దాన్నుంచి బయటికి రావడానికి ఖర్చు ఉంటుందని, దాన్ని లాభం తిన్నవాడు భరించాలని ఒకచోట రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

మార్పు అన్నిటికంటే శుభ్రంగా తుడిచేసేది మధ్యకాలాన్ని. తెలిసిన రోజుకీ మానిన రోజుకీ మధ్య నారు పోసిన ఏళ్లు ఎవరి లెక్కలోకీ రావు. తరవాతివాళ్లు కథను రెండు ముక్కల్లో చెప్పుకుంటారు: అప్పుడు తెలియదు, తెలిశాక మానేశారు. గోర్ ఇంట్లో అలా జరగలేదు, మా ఇంట్లో అలా జరగలేదు. ఇవాళ రామగుండంలో, కొత్తగూడెంలో, ఇబ్రహీంపట్నంలో బొగ్గు మీద బతికే ఇళ్లు సరిగ్గా ఆ మధ్యకాలంలోనే ఉన్నాయి. ఆ కరెంటుతో వెలిగే మన ఇళ్లూ అంతే. రేపు మన గురించి రాసేవాళ్లు పాపం వాళ్లకి తెలియదు అని రాయకూడదు. తెలుసు. తెలిసీ పొయ్యి ఆరనీయకుండా కూచున్నాం, మానితే బతుకెలా అని ఒకళ్లనొకళ్లం అడుగుతూ. ఆ ప్రశ్నకి డబ్బుతో సహా జవాబు చెప్పిన రోజునే మానడం మొదలవుతుంది.