వినేవాళ్ల మాట వినే మనిషి

ఒక జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి నేను వెళ్లింది బాధితులను కలవడానికి కాదు, వాళ్లతో మాట్లాడే కేస్‌వర్కర్లకు పైన ఉండే సెంటర్ అడ్మినిస్ట్రేటర్ పని చూడటానికి. 2015 ఏప్రిల్ 1న మొదలైన ఈ కేంద్ర పథకం కింద హింసకు గురైన ఆడవాళ్లకు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, 5 రోజుల దాకా తలదాచుకునే వసతి ఒకేచోట అందాలి. 24 గంటలూ తెరిచి ఉండాలి కాబట్టి కేస్‌వర్కర్లకు షిఫ్టులు తప్పవు.

నైట్ డ్యూటీ దిగిన కేస్‌వర్కర్ ఇంటికెళ్లే ముందు అడ్మినిస్ట్రేటర్ మేడమ్ ఎదురుగా కాసేపు కూర్చోవాలి. ఇది ఆమె సొంతంగా పెట్టిన పద్ధతి. వారానికి ఒక్క కేసైనా అడిగిన మాట, వచ్చిన జవాబు వరసగా నోట్‌బుక్‌లో రాయాలన్నదీ ఆమె నియమమే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఫీల్డ్‌వర్క్‌లో అందరూ రాసేదే అది. ఉద్యోగం వచ్చాక రిజిస్టర్లు నింపడంలో పడి వదిలేస్తారు.

బాధితురాలి పేరు, ఊరు పక్కన పెట్టి, ఆ రోజు డ్యూటీ దిగిన కేస్‌వర్కర్ సరేనన్నాకే నన్ను కూర్చోనిచ్చారు. ఇక్కడ రాసేటప్పుడు నేను మరికొన్ని వివరాలు మార్చాను.

"ఆమె ఇంటికి వెళ్లిపోతానంది మేడమ్. ఆమె ఇష్టం కదా, అదే రాశాను."

"ఆ మాట అనే ముందు నువ్వేం అడిగావమ్మా?"

ఆ అమ్మాయి పేజీ వెనక్కి తిప్పి వేలు పెట్టి చూసుకుంది. "పిల్లల సంగతి ఆలోచించారా అని."

"అప్పుడు అదెందుకు అడగాలనిపించింది?"

చాలాసేపు జవాబు లేదు. "తెల్లారితే మా బాబుకు పరీక్ష మేడమ్. నేను ఇంట్లో లేను."

మేడమ్ కోప్పడలేదు. ముందు పరీక్షలయ్యేదాకా ఆమెకు పగటి షిఫ్టు వేసింది. తర్వాత కేసులోకి వచ్చింది. బాధితురాలు చెప్పిన వేళకే ఫోన్ చెయ్యి, వేరేవాళ్లు ఎత్తితే విషయం చెప్పకు, మళ్లీ ఎప్పుడైనా రావొచ్చని గుర్తుచెయ్యి అంది. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు వేస్తే మామూలుగా 3 రోజుల్లో మొదటి విచారణ పెట్టాలని ఆమెకు చెప్పావా అని అడిగింది. చెప్పలేదు. కోర్టంటే ఏళ్లు పడుతుందన్న భయంతోనే వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టి అది చెప్పి తీరాలంది మేడమ్.

తప్పు ఎక్కడ జరిగిందో, అలసట ఎక్కడ మొదలైందో ఆ చిన్న మాటల్లోనే బయటపడింది. రిజిస్టర్ తనిఖీ చేస్తే 'కౌన్సెలింగ్ చేశారు, ఇంటికి వెళ్లింది' అన్న ఒక్క వరసే కనిపించేది. కేసు సక్రమంగా ముగిసినట్టే అనిపించేది కూడా.

కుటుంబాల దగ్గర మేడమ్ ఇంకా గట్టిగా ఉంటుంది. భర్త తరఫువాళ్లు పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చి "ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి పంపండి" అంటారట. భార్యతో విడిగా మాట్లాడకుండా, ఆమె భయం లేదని చెప్పకుండా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టకూడదు. కొత్త కేస్‌వర్కర్లకు ఇది నేర్పడానికే ఎక్కువ సమయం పడుతుందని చెప్పింది. నాకది సహజమే అనిపించింది. రాజీ కుదిర్చినవాళ్లను మెచ్చుకునే ఇళ్లలోంచే కదా వాళ్లూ వచ్చేది.

మధ్యాహ్నం సిబ్బంది అందరూ కలిసి కూర్చున్నారు. కాలేజీలో అమ్మాయిలతో జరిపిన అవగాహన సమావేశం మీద చర్చ. ఉపన్యాసం తగ్గించి, చిన్న గుంపులుగా మాట్లాడించాలని తేలింది.

మరి మేడమ్ మనసులో బరువు ఎవరు వింటారు? అదే అడిగాను. పై అధికారుల సమీక్షలో ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని ముగిశాయి అనే అడుగుతారట. నెలకోసారి బయటినుంచి అనుభవమున్న సోషల్ వర్కర్ వచ్చి తనతోనూ సిబ్బందితోనూ కూర్చునే ఏర్పాటు చేయమని ఆమె లేఖ రాసిపెట్టుకుంది. ఒక మనిషి దారిఖర్చులు, ఒక పూట సమయం తప్ప అందులో అడిగిందేమీ లేదు. ప్రతి జిల్లాకూ ఇది వెంటనే మంజూరు చేయాలి. ఆ లేఖను వచ్చే సమీక్షలో తానే చదివి వినిపిస్తానని మేడమ్ చెప్పింది.